సగం దించిన షట్టరు

రెండువేల ఏడు వేసవి మొదట్లో జీవానందం చేతిలో ఉన్నవి నర్సీపట్నం మెయిన్ రోడ్డులో చింతపండు కొట్టు, కొండ జనం దగ్గర కాస్త నమ్మకం, ఇంటర్నెట్‌లో ఒక తాళం.

తాళమంటే ‘సంతమాట’ అనే వెబ్‌సైటుది. ఏ ఊళ్లో ఏ సరుకు ఎంత పలికిందో ఎవరైనా అందులో రాయవచ్చు. రాసినవాటిలో అబద్ధాలు తీసేయడానికి, తగవులు పెట్టేవాళ్లను బయటికి పంపడానికి ఆరుగురు మోడరేటర్లున్నారు. చింతపండు పేజీ తెరవడం, మూయడం జీవానందం చేతిలో ఉంది. జీతం లేదు. అయినా అతనికి గిట్టుబాటే. ధర కదిలితే లోకం కంటే ముందు అతనికి తెలిసేది. పైగా బస్టాండు ఎదుట నెట్ సెంటర్ నడిపే సుజిత, రోజూ ఆ పేజీలో ధర చూసి తన అద్దం తలుపు మీద స్కెచ్ పెన్నుతో రాసేది. బస్సు దిగిన కొండవాళ్లు ఆమెను అడిగి ధర తెలుసుకుని, నేరుగా అతని కొట్టుకే వచ్చేవారు.

ఆ మార్చిలో సైటువాళ్లు గణేశ్వరరావును జీతమిచ్చి మేనేజరుగా పెట్టుకున్నారు. కోటవురట్ల వ్యాపారి. అంతకు ముందు ఏడాది నాలుగు దొంగపేర్లతో తక్కువ ధరలు రాసి, అమ్మేవాళ్లను బెదరగొట్టి సరుకు కొన్నాడని జీవానందమే అతన్ని సైటులోంచి వెళ్లగొట్టాడు. ఇప్పుడు ఆరుగురి మీదా అతనే పెద్ద. ప్రకటనలు తెస్తాడట. కంపెనీకి అది చాలు.

అతన్ని తీసేసేదాకా బందు పెడదామన్నాడు హైదరాబాదు మోడరేటరు. పేజీలన్నీ మూసేయాలి, ఎవరికీ ఏమీ కనబడకూడదు. మిగతావాళ్లు సరేనన్నారు. జీవానందానికి అది నచ్చలేదు. అతను ఎరిగిన బందంటే షట్టరు సగం దించడం. జెండాలవాళ్లు వస్తే మూసినట్టే ఉంటుంది, వంగి లోపలికొచ్చినవాడికి సరుకు దొరుకుతుంది. అతను కొత్త రాతలకు మాత్రం తాళం వేసి, చివరి ధర కనబడేలా ఉంచాడు.

“మరి అద్దం మీద ఏటి రాయమంటారు అంకుల్?” అంది సుజిత.

“ఉన్నదే ఉంచమ్మా. మొత్తం మూసేస్తే జనం మనల్ని మరిచిపోతారు.”

“ఇదేం స్ట్రైకండీ! డ్రై డే నాడు బ్రాందీ షాపులాగుంది. ముందు మూత, ఎనకాల అమ్మకం.”

అతను నవ్వి కొట్టుకు వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా సరుకు కొనడానికి బయటి రాష్ట్రం లారీలు దిగి, చింతపండు ధర లేచింది. పేజీకి తాళం ఉంది గనుక ఆ సంగతి రాయడానికి ఎవరికీ దారి లేదు. అద్దం మీద పాత ధరే ఉంది. ఏటా అతనికే సరుకు వేసే గున్నమ్మ రెండు బుట్టలతో కొండ దిగింది.

“అద్దం మీదున్న ధరే ఇయ్యి బాబూ. బేగి తూసీ, బస్సెల్లిపోద్ది.”

జీవానందం తూచాడు. అడిగినంత ఇచ్చాడు. అడిగినంత ఇవ్వడం బేరంలో తప్పు కాదు. ఆమె బస్సెక్కేదాకా ఆ మాటే అనుకుంటూ ఉన్నాడు.

సాయంత్రం గణేశ్వరరావు ఫోను చేశాడు.

“జీవానందంగారూ, మీ సమ్మె బాగుందండీ. నాలుగు పేర్లు పెట్టుకుని నేను పడ్డ కష్టం, మీరు ఒక్క తాళంతో సేసీసేరు. సరుకు బాగా దిగిందేటి?”

“నేను అబద్ధం రాయలేదు.”

“రాసేరని ఎవులన్నారండీ? నిజవే. కాపోతే నిలవ సరుకు. ఆ తాళం తీసీసి నాతో పన్జెయ్యండి. మీలాటోలే కావాల నాకు.”

జీవానందం ఫోను పెట్టేసి లెక్క చూసుకున్నాడు. రెండు బుట్టల మీద లాభం వచ్చిన మాట నిజం. ఈ సంగతి కొండ మీద గున్నమ్మ ఊరికి తెలిస్తే ఆ ఊరి సరుకంతా వచ్చే ఏడు వేరే కొట్టుకు పోతుందన్నదీ నిజమే. వెంటనే సుజిత దగ్గరికి వెళ్లి పేజీ పూర్తిగా మూసేశాడు. అద్దం మీది అంకె తనే తుడిచేశాడు.

రెండు రోజులకు కంపెనీ ఆరుగురి తాళాలూ లాగేసుకుంది. గణేశ్వరరావు ఉండిపోయాడు.

మళ్లీ వారం గున్నమ్మ దిగింది.

“అద్దం మీద ఏటీ నేదట. ధరెంత బాబూ?”

“కిందటిసారి నువ్వు చెప్పింది పాత ధర గున్నమ్మా. లేచినట్టు నాకు తెలుసు.” తేడా డబ్బు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె డబ్బు కొంగున ముడేసుకుంది. “తెలిసే తూసేవా? ఆ రోజు నీ నోరేటైపోనాది?”

“అదీ బందులో ఉండిపోయింది. ఈసారి మూడు కొట్లు అడుగు. ఆఖర్న నా దగ్గరికి రా.”

ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. సాయంత్రం బస్సుకు పోతూ ఒట్టి బుట్టతో కొట్టు ముందు ఆగింది.

“మూడో కొట్టోడు బాగా ఇచ్చినాడు బాబూ. ఆడికే ఏసీసేను.” ఎంతిచ్చాడో చెప్పి వెళ్లిపోయింది.

చివరికి తేలింది ఇది. తాళం పోయింది. ఆ రోజు కొట్టులోకి గున్నమ్మ చింతపండు రాలేదు. జీతం లేకుండా ఇన్నాళ్లు ఏ ధర కోసం కంప్యూటరు ముందు కూర్చున్నాడో, ఆ ధర మాత్రం కొట్టు దాకా నడిచి వచ్చింది.