మొగిలన్న తాళం

తాళాన్ని కట్టర్‌తో కోస్తుంటే నేను పక్కనే ఉన్నాను. చెయ్యి అడ్డం పెట్టలేదు. రేపు ఈ పనిలోకి రాబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందు ఆ మాట చెప్పుకోవాలి.

ఐటీఐ అయ్యాక హైటెక్ సిటీలో ఒక అద్దాల టవర్‌లో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరాను. పని నేర్పేది మొగిలన్న. మా యూనియన్ వాళ్లు కొట్లాడి తెచ్చుకున్న పద్ధతి ఒకటుంది. కరెంటు పని చేసేవాళ్లు ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తమ పేరున్న తాళం వేసుకోవాలి. చాబీ సొంత జేబులోనే ఉండాలి.

"ఎవరేసిన తాళం వాళ్లే తియ్యాలె వర్షితా. దేవుడొచ్చినా ఇంకో చెయ్యి పడొద్దు," అనేవాడు మొగిలన్న. నాకింకా తాళం ఇవ్వలేదు. అప్రెంటిస్‌కు ఎందుకన్నాడు కాంట్రాక్టర్.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మొగిలన్న నన్ను కింద ప్యానెల్ దగ్గర నిలబెట్టి, పైన ఏసీ వైర్లు విప్పుతున్నాడు. మేనేజర్ సోమేశ్వరరావు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"పైన క్లయింట్లు ఉడికిపోతున్నారమ్మా. మెయిన్ వెయ్యి."

"మొగిలన్న పని మీదున్నడు సార్. తాళం ఉంది."

"భోజనానికి పోయుంటాడు."

ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, ఎత్తలేదు. రెండు చేతులూ వైర్ల మీద ఉన్న మనిషి ఎలా ఎత్తుతాడు?

"తొమ్మిది రోజులు కాలేదు, నాకు రూల్స్ చెబుతావా? నీ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదో తెలుసా?"

నేను ప్యానెల్ ముందు నుంచి పక్కకు జరిగాను. అతను సెక్యూరిటీ చేత తాళం కోయించి, తన చేత్తోనే మెయిన్ వేశాడు. పైనుంచి అరుపు కూడా రాలేదు. మొగిలన్న దవాఖానకు చేరకముందే పోయాడు.

మర్నాడు ఆఫీసులో నా ముందు కాగితం పెట్టారు. మొగిలి తాళం వేయలేదని రాసి ఉంది. సంతకం పెడితే ట్రైనింగ్ ఉంటుంది. లేకపోతే మళ్లీ బట్టల షాపులో రోజంతా నిలబడాలి. ఇంట్లో అడిగొస్తానని బతిమాలి, ఆ కాగితంతో పార్కింగ్‌లో జరుగుతున్న యూనియన్ మీటింగ్‌కు పోయాను.

"సంతకం పెట్టనియ్యుండ్రి," అన్నాడు వైర్‌మ్యాన్ ప్రవీణ్. "సచ్చినోడు లేచొస్తడా? మన కొలువులన్న ఉంటయ్."

"రేపు నువ్వు పైనుంటవ్ ప్రవీణూ. అప్పుడు కింద ఎవడు నిలబడతడు?" అన్నాడు యూనియన్ నాయకుడు ఓంకారన్న.

నేను సంచిలోంచి కోసిన తాళం తీశాను. కోసి పడేసిన దాన్ని ఆ రోజే భయపడుతూ తీసి దాచాను. దాని మీద మొగిలన్న పేరు అట్లాగే ఉంది.

"ఆపలేకపోయినన్నా," అని ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు. ప్రవీణ్ ఆ తాళాన్ని చాలాసేపు చేతిలో తిప్పి, తన తాళం జేబులోంచి తీసి లేచాడు.

మరుసటి రోజు పొద్దున పదకొండింటికి ఇరవై ఏడుగురం ఏసీ మెయిన్ ఆపి, గొలుసు చుట్టి తలా ఒక తాళం వేశాం. అందులో ఓంకారన్న ఇచ్చిన తాళం నాది. మొగిలన్న భార్య భూలక్ష్మి వదిన ఇంట్లో మిగిలిన అతని పాత తాళం తెచ్చి చివర వేసింది.

పోలీసులొచ్చారు. ఓంకారన్నను కాలర్ పట్టి వ్యాన్ ఎక్కించారు. నేను చూసిందంతా ఆ కాగితం వెనక రాసి ఎస్సై చేతికిచ్చాను. చదవకుండానే మడతపెట్టి, గొలుసు మీది తాళాల పేర్లు చూశాడు.

"ఎవరి తాళాలు వాళ్లు తియ్యండి. ఈ మొగిలి ఎవడు? రమ్మను."

"మీరే పిల్వుండ్రి సారూ," అంది వదిన. "మార్చురీల ఉన్నడు. ఆయన తాళం ఆయనే తియ్యాలె."

ఎస్సై తల తిప్పుకుని కట్టర్ తెమ్మన్నాడు. అదే కట్టర్ తెచ్చారు. మమ్మల్ని లాగిపారేస్తారని తెలుసు. కరెంటు మళ్లీ వస్తుందనీ, నా ట్రైనింగ్ పోయిందనీ తెలుసు.

కట్టర్ మొగిలన్న తాళం దగ్గరికొచ్చింది. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా చేతి మీద ప్రవీణ్ చెయ్యి పడింది.