మిల్లు బంద్ పెట్టే దాకా

పాత కంపైలర్‌ను వదిలేద్దామని సౌందర్య అన్నప్పుడల్లా నా ఛాతీలో ఏదో బిగుసుకునేది. దానికి బాధ్యత అని పేరు పెట్టుకున్నాను.

మా ప్రోగ్రాము వడ్ల తేమ చూసి డ్రయ్యర్ వేడిని అదుపులో ఉంచుతుంది. సూర్యాపేటలో నా గదిలో మొదలైంది. ఇప్పుడు మిర్యాలగూడ మిల్లుల్లో నడుస్తోంది, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఏ డ్రయ్యర్ కొలతలు దానివే కాబట్టి, ప్రోగ్రామును మిల్లు కంప్యూటర్ మీదే, అందులో ఉన్న కంపైలర్‌తో యంత్రభాషలోకి మార్చుకోవాలి. ఆ కంప్యూటర్లు పాతవి, కంపైలర్లూ పాతవే. వాటి కోసం, నాతో కలిసి ప్రోగ్రాము రాసే సౌందర్య ఒక్క వాక్యంలో తేలే పనిని చుట్టు తిప్పి రాయాల్సి వచ్చేది.

ఆమెది కోదాడ. నాకంటే చాలా చిన్నది, నాకంటే బాగా రాస్తుంది. ఈ రెండో మాట నాలో నేను ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

"డిసెంబర్ ఆఖరుకి పాతదానికి సెలవిద్దాం అన్నా," అంది ఫోన్లో. "లేదంటే నన్ను వదిలెయ్. నా పనిలో సగం ఆ ముసలిదాన్ని బుజ్జగించడానికే పోతుంది."

ఆమె వెళ్లిపోతే ప్రోగ్రాము నాతోపాటే ముసలిదవుతుంది. ఒప్పుకుంటే, మధ్యలో ఏదైనా తప్పు దొరికినప్పుడు, సరిచేసిన ప్రోగ్రాము మిల్లుల్లోని పాత కంపైలర్లకు ఎక్కదు. మిల్లుకే పోయి తేల్చుకుందామన్నాను.

మేం వెళ్లిన రోజు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వడ్ల ట్రాక్టర్లే. మిల్లు యజమాని రామనర్సయ్య మమ్మల్ని చూడగానే చేతులు అడ్డం పెట్టాడు.

"ఏం జనార్దన్, దేన్నన్న ముట్టనీకి వచ్చిన్రా? సీజన్ల నా పెండ్లాం గూడ ఈడ స్విచ్ ముట్టది."

"ముట్టం. ఈ కంప్యూటర్ ఎప్పుడు మారుస్తవో అడుగుదామని."

"గిప్పుడా? ఉరికే బండికి టైర్ మార్సమంటవా? రెండు పంటల నడుమ మిల్లు బంద్ పెడ్తం గద. బాయిలర్ కాడికెల్లి బెల్టుల దాక అన్నీ ఇప్పుతం. నీ డబ్బా గూడ గప్పుడు మార్సుకో. ఎవడొద్దన్నడు?"

"మీకు పాతదే కావాలేమో అనుకున్నాం," అంది సౌందర్య.

"పాతది నాకేమన్న సుట్టమా బిడ్డా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మిల్లులు పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నాయని ఇన్నాళ్లూ నమ్మాను. వేలాడుతున్నది నేను. పాత కంపైలర్ కోసం ఉంచిన భాగమంతా నేను మొట్టమొదట రాసింది.

బయట ట్రాక్టర్ల పక్కన సౌందర్య తల పట్టుకుంది. "అన్ని ప్రాజెక్టులూ పాత కంపైలర్లను ఏడాది చివర వదిలేస్తాయని నేనూ డిసెంబర్ అన్నాను. పాలకీడులో మా మేనమామ వడ్లు మిల్లుకు పోయేదీ ఇప్పుడే. తట్టనేలేదు అన్నా!"

"నాకు తట్టిందా?"

టీ బండి దగ్గర నిలబడి ఫోన్లోనే నియమం రాసింది. ఏ కంపైలర్‌ను వదలాలన్నా ఒక పంట ముందే చెప్పాలి. ఆ పంట వడ్లు పట్టడం అయిపోయి, మిల్లులు విప్పే రోజుల్లోనే వదలాలి. పాతదాని వంతు వచ్చే యాసంగి తర్వాత.

ఎక్కడి నుంచో మా ప్రోగ్రాము వాడే ఒకాయన, ఈ వింత లెక్క ఏమిటని అడిగాడు. యాసంగి అంటే మా దగ్గర ఏడాదిలో రెండో పంట అని వివరించి, "మా దగ్గర ఏడాది వడ్లతో ముగుస్తుంది" అని జవాబు పెట్టింది సౌందర్య. ఆ వాక్యాన్ని నేను మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

యాసంగి వడ్లు అయిపోయాయి. మిల్లు ఆగింది. విప్పిన డ్రయ్యర్ పక్కన కొత్త కంప్యూటర్ పెడుతుండగా సౌందర్య చేసిన మార్పు నా ఆమోదం కోసం వచ్చింది. తీసేసిన వరుసల్లో ఎక్కువ నావే. మిగిలింది ఎంత తేటగా ఉందంటే, మొదటిసారి చూసేవాడు కూడా చదువుకోగలడు. ఆ బిగుతు కోసం ఛాతీలో వెతుక్కున్నాను. బదులుగా ఏదో వెడల్పుగా పరుచుకుంది. ఒప్పుకున్నట్టు నొక్కాను.

వెంటనే ఫోన్ మోగింది. "బాధగా ఉందా అన్నా?"

"ఒక్కసారి నువ్వే చదువుకో, ఎట్ల రాసినవో," అన్నాను.

ఆ మార్పు రామనర్సయ్యకు చూపించాలనిపించి తెర అటు తిప్పాను. ఆయన బెల్టు కింద దూరి ఉన్నాడు.

"జర పక్కకు జరుగు. ఎల్తురు రానియ్."

జరిగాను, గర్వంగానే.