పడవకి చోటుంది

హోటల్ బాత్రూములో సిగ్నీ తన కూతురు మారెన్ ఈత బట్టలు పిండి ఆరేస్తోంది. గదిలోంచి మొగుడు కోరీ కేకేశాడు.

"సిగ్నీ, నా ఛార్జరెక్కడ పెట్టావు?"

పెట్టింది ఆమె కాదు. కానీ ఎక్కడుందో తెలిసింది ఆమెకే. చేతులు తుడుచుకుని వచ్చి, అతని జాకెట్ జేబులోంచే తీసిచ్చింది. థాంక్స్ అనకుండానే అందుకున్నాడు.

టల్సా ఊరికి వచ్చి ఇది రెండో రోజు. విమానాల మరమ్మతు కంపెనీ కోరీకి ఇక్కడ పెద్ద ఉద్యోగం ఇస్తానంది. ఒప్పుకునేముందు భార్యాబిడ్డలతో ఊరు చూసుకోమని ఖర్చులు కూడా తనే పెట్టుకుంది. "ముందు చూద్దాం, నీకు నచ్చకపోతే మానేద్దాం," అన్నాడు కోరీ డులూత్‌లో తమ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు. సిగ్నీ నమ్మింది. నమ్మబట్టే తన సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని తెచ్చుకుంది. కంపెనీ తరఫున భార్యలకి ఉద్యోగాలు వెతికిపెట్టే మనిషి ఒకామె ఉంటుందని కోరీయే చెప్పాడు మరి. ఆ ఫైలు ఇప్పుడు ఆమె సంచీలో ఆపిల్ ముక్కల డబ్బాకీ మారెన్ వాంతి మాత్రలకీ మధ్య నలుగుతోంది.

సిగ్నీ కాన్పుల వార్డులో నర్సు. ఆ పనిలో సీనియారిటీయే సర్వస్వం. ముందు చేరినవాళ్ళు ముందు షిఫ్టు ఎంచుకుంటారు, ముందు సెలవులు రాసుకుంటారు, చివర చేరినవాళ్ళకి రాత్రిళ్ళూ క్రిస్మసులూ మిగులుతాయి. ఆసుపత్రి మారితే లెక్క మళ్ళీ సున్నా నుంచే. ఫార్గోలో నాలుగేళ్ళు చేసింది, కోరీకి ప్రమోషనొచ్చింది, సున్నా. డెమోయిన్‌లో మూడేళ్ళు చేసింది, కోరీకి ఇంకో ప్రమోషనొచ్చింది, మళ్ళీ సున్నా. డులూత్‌లో తొమ్మిదేళ్ళు రాత్రిళ్ళు నిలబడితే పోయిన శరదృతువులో పగటి షిఫ్టు చేతికొచ్చింది. నలభై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి, అందరూ పడుకునే వేళకి తనూ పడుకుంటోంది. ఈ సంగతి అత్తగారు ఆర్లీన్‌కి చెబితే ఆవిడ నవ్వేసింది. "నర్సులకేంటమ్మా, జబ్బుపడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు." విమానాలు కూడా ప్రతి ఊళ్ళోనూ దిగుతాయి. ఆ మాట కోరీతో మాత్రం ఎవరూ అనలేదు.

ఆ మధ్యాహ్నం ఇళ్ళు చూపించే బెవ్ ఉత్సాహంగా మూడో ఇంటి తలుపు తీసింది. వెనక ఈతకొలను చూడగానే మారెన్ కెవ్వుమంది. పన్నెండేళ్ళ పిల్ల, దాని మనసు కొనెయ్యడానికి అంతకంటే ఏం కావాలి? బెవ్ సిగ్నీని వంటింట్లోకి తీసుకెళ్ళి, "ఇది మీ రాజ్యం!" అంది. తొమ్మిది గంటల డ్యూటీ చేసొచ్చి ఏలుకోవాల్సిన రాజ్యం. తర్వాత కిటికీలోంచి పక్క ఖాళీ స్థలం చూపించింది.

"డులూత్‌లో ఉన్న మీ పడవ ట్రైలరుతో సహా హాయిగా పడుతుంది ఇక్కడ. కంపెనీ వాళ్ళే లారీలో చేరుస్తున్నారుగా!"

"పడవనా?" అంది సిగ్నీ.

కోరీ ఉన్నట్టుండి పైకప్పు పరీక్షించడం మొదలుపెట్టాడు.

"మరి నాకు ఉద్యోగం చూసిపెట్టే ఆవిడ ఎన్నింటికి కలుస్తుంది?"

బెవ్ కాయితాలు తిరగేసింది. "మీకది అక్కర్లేదని రాశారు కదండీ? భార్యకి ఉద్యోగం చూసిపెట్టడమో, పడవో బండో ఏదైనా ఒక పెద్ద సామాను చేరవెయ్యడమో, రెంటిలో ఒకటే చేస్తారు. ఇదిగో, మీవారు ఉద్యోగానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టిన రోజే, ఏప్రిల్ పదకొండున..." అక్కడికి ఆగిపోయింది. ఆడమనిషి కదా, తను ఏం చదివేసిందో వెంటనే అర్థమైంది. ఫోను వచ్చిందని చెప్పి బయటికి నడిచింది. ఫోనేమీ మోగలేదు.

ఇప్పుడు జూన్. రెండు నెలలు! రెండు నెలలుగా ఒకే బల్ల దగ్గర కూచుని తింటూ, "నీకు నచ్చితేనే" అంటూ వచ్చాడు.

"అలా చూడకు," అన్నాడు కోరీ. "నువ్వెలాగూ వారం తిరక్కుండా పని సంపాదిస్తావు. నీమీద నాకంత నమ్మకం. పడవని నేను వీపున మోసుకు రాలేను కదా!"

సిగ్నీకి ఒళ్ళు మండిపోయింది. నమ్మకమట! పదహారేళ్ళుగా ఆమె చేతకానితనం చూసి ఎవరూ ఏమీ లాక్కోలేదు, అంతా ఆమె చేతనైనతనం చూసే లాక్కున్నారు. సిగ్నీ సర్దుకుంటుంది, సిగ్నీ చూసుకుంటుంది, సిగ్నీకి ఎక్కడైనా దొరుకుతుంది. ఒక్కసారైనా చేతకాక కూలబడి ఏడ్చి ఉంటే పడవపాటి విలువ తనకీ వచ్చేదేమో. ఇంతకాలం తను ఓర్పనుకుని మురిసిపోయినదాన్ని వీళ్ళు సౌకర్యం అనుకున్నారు. అతనిమీద ఎంత కోపమొచ్చిందో, తనమీద తనకి అంతకంటే ఎక్కువ వచ్చింది.

మారెన్ తడికాళ్ళతో లోపలికొచ్చింది. కోరీకి ప్రాణం లేచొచ్చింది. "సరే, మనింటి పద్ధతి ప్రకారం ఓటేద్దాం!"

అది కోరీ పెరిగిన ఇంటి ఆచారం. కుక్కపిల్ల తేవాలన్నా ఊరు మారాలన్నా చేతులెత్తి ఓటెయ్యాలి. అంత న్యాయమైన ఇల్లు ఇంకోటి లేదని అతని గర్వం. ఫార్గో వదిలేటప్పుడు మొగుడూ పెళ్ళాం చెరోవైపూ ఉంటే, ఆర్లీన్ ఫోనులో ఓటేసి తేల్చేసింది. డెమోయిన్ వదిలేటప్పుడు మూడేళ్ళ మారెన్, ఐస్‌క్రీమ్ ఇస్తారనుకుని రెండు చేతులూ ఎత్తింది.

కోరీ చెయ్యెత్తాడు. మారెన్ తల్లి మొహం చూసి సగం ఎత్తి ఆపింది.

"అమ్మా, నువ్వు?"

"సోమవారం పొద్దున ఏడింటికి నాకు డ్యూటీ ఉంది. నేను డులూత్‌లోనే ఉంటున్నాను. నువ్వెక్కడుండాలో నిదానంగా ఆలోచించుకో తల్లీ. ఎటైనా నేను నీ అమ్మనే. ఇవాళే చెప్పక్కర్లేదు."

మారెన్ చెయ్యి మెల్లగా దించేసింది. కోరీ చెయ్యి మాత్రం గాల్లోనే ఉంది.

"ఇదేం పద్ధతి? ఓటేస్తున్నాం కదా సిగ్నీ!"

"నా బతుక్కి ఉన్నది ఒక్కటే ఓటు, కోరీ. అది ఇప్పుడే వేశాను."