తల మూసిన నాలుగు

మెత్తటి కుంచెతో ఒక్కో రాయి మీది దుమ్ము దులిపి, బోర్లించి, అడుగునున్న అంకె చదివి, పక్కన పరిచిన గుడ్డ మీద పెడుతున్నాడు నంబరయ్య. పొద్దున తొమ్మిదిన్నర నుంచీ ఇదే పని. పదిహేడో సొరుగులో రాయిగా మారిన పాతకాలపు ఎముకలు ఇరవై నాలుగుండాలి. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఇరవై అయిదే వచ్చాయి.

మ్యూజియంలో ఒకటి తగ్గితే ఏం చేయాలో అందరికీ తెలుసు. తలుపులు మూసి, ఒకరి మొహాలొకరు అనుమానంగా చూసుకోవాలి. ఒకటి ఎక్కువైతే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. ముప్ఫై రెండేళ్లుగా రాళ్ల మీద నంబర్లు రాసేవాడు కాబట్టి నంబరయ్య అయిపోయాడు. రాయి అడుగున కందిగింజంత తెల్లరంగు చుక్క పెట్టడం, అది ఆరాక సన్నటి కలంతో అంకె వేయడం, పైన వార్నీషు పూయడం. అంతే అతని ఉద్యోగం. ఆ వంగుడుకి కుడి భుజం కిందికి దిగిపోయింది. ఎడమ కన్ను సగం మూసి చూడటం అలవాటై, పెళ్లిళ్లలో కూడా అలాగే చూస్తాడు. "మీకు రాళ్లతో ఉన్న పరిచయం మనుషులతో లేదండీ" అంటుంది భార్య. నిజమే. ఈ రోజుతో ఆ పరిచయం కూడా ముగిసిపోతుంది. రేపటి నుంచి రానక్కర్లేదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగని సొరుగుల లెక్క, పోయే ముందు అప్పగించాలి.

నాలుగోసారి లెక్కలో దొంగ దొరికింది. 4117 అంకె రెండు రాళ్ల మీద ఉంది. రెండూ బొటనవేలంత, రెండూ గోధుమరంగు. రెండింటి మీదా తన చేతిరాతే.

అప్పుడే కొత్త మేడమ్ రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఈ విభాగానికి అధికారిగా వచ్చి ఆరు నెలలైంది. "4117, కాలి వేలి ఎముక ముక్క, ఒకటి" అని చదివి, అతను చూపించిన రెండు రాళ్లనూ చూసి తలెత్తింది.

"ఏది ఎముకో మీకు తెలియదా నంబరయ్య గారూ? రాసింది మీరేగా?"

"నేనే మేడమ్. రెండూ నేనే. అదే అర్థం కావట్లేదు."

మొదటి రాయిని తీసి నాలుకకు తాకించాడు.

"అయ్యో, నోట్లో పెట్టుకుంటారేంటండీ!"

"ఎముకైతే నాలుకను పట్టుకుంటుంది మేడమ్. లోపల సన్న సన్న బెజ్జాలుంటాయి కదా. ఉత్త రాయైతే జారిపోతుంది. పాత సారు నేర్పిన విద్య."

మొదటిది జారిపోయింది. ధీమాగా రెండోది తాకించాడు. అదీ జారిపోయింది. నంబరయ్య నాలుక బయట పెట్టుకునే ఆలోచనలో పడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ల కిందట ఎవరో నిపుణుడు వచ్చి, అన్నింటికీ నిలువెల్లా వార్నీషు పూస్తే మంచిదన్నాడు. రెండు నెలలు కూర్చుని పూసింది తనే. తన చేత్తో తనే అన్నింటి నోళ్లూ కట్టేశాడు.

"వార్నీషు తీయాలంటే పైఆఫీసు నుంచి ఉత్తరం రావాలి. పదిహేను రోజులు" అంది మేడమ్. "నాలుగింటికి రిజిస్టరు మూసేయాలి, మీ సంతకంతో. అప్పటికీ తేలకపోతే ఒకటి ఉంచి, రెండోది గేటు దగ్గర కంకరలో వేసేద్దాం." రాళ్లను వేళ్లతో తిప్పి చూసి, "దీని నాలుగుకి తల మూసి ఉంది. దానికి తెరిచి ఉంది" అంది. నంబరయ్యా చూశాడు. తొందరలో ఎప్పుడో రాసుంటాననుకున్నాడు.

ఆమె మంచిదే. కానీ ఆ కంకర మాట అతన్ని వదల్లేదు. ఎన్ని కోట్ల ఏళ్లో నిలిచిన వేలు, స్కూటర్ల చక్రాల కింద నలిగిపోతుంది. ఉత్త గులకరాయేమో తన నంబరుతో, తన సంతకంతో, దర్జాగా సొరుగులో పడుకుంటుంది. ఈ ఒక్కటి తప్పయితే మిగతా పంతొమ్మిది వేలు ఒప్పని ఎవరు నమ్ముతారు? ముందు తను నమ్మాలి కదా.

మధ్యాహ్నం భోజనాల గదిలో క్యారేజీ ఖాళీ చేసి, కడిగి, తుడిచి, రెండు రాళ్లూ పై గిన్నెలో పెట్టి మూత బిగించాడు. సొరుగులోది గేటు దాటించడం ముప్ఫై రెండేళ్లలో ఇదే మొదలు. వాచ్‌మన్ "ఇంటికా?" అంటే "ఊఁ" అన్నాడు. క్యారేజీ గడగడ మోగింది.

ఒకప్పుడు ఈ విభాగానికి అధికారిగా ఉన్న పాత సారు రెండు వీధుల అవతల కూతురి దగ్గర ఉంటున్నాడు. పక్షవాతం వచ్చి ఏడాదైంది. మాట పోయింది. ఏది అడిగినా ఒకటే జవాబు.

"నాన్నా, నంబరయ్య బాబాయ్ వచ్చారు" అంది కూతురు.

"ఊ" అన్నాడు సారు.

మంచం పక్కన కూర్చుని, రెండు రాళ్లూ ఆయన కుడి అరచేతిలో పెట్టాడు నంబరయ్య. ఒకప్పుడు వేటాడే పక్షిలా రాళ్ల మీద వాలిన చెయ్యి. ఇప్పుడు చర్మం వదులై మడతలు పడింది. సారు చాలాసేపు చూశాడు. ఒకటి దుప్పటి మీదకు జారింది. రెండోదాన్ని మెల్లగా పెదవుల దాకా తెచ్చుకుని నాలుకకు తాకించాడు. గొంతులో ఏదో గురగురలాడింది. అది నవ్వేనని నంబరయ్యకు అనిపించింది.

"ఇదేనా సారూ ఎముక?"

"ఊ."

"కాదా?"

"ఊ."

పిడికిలి బిగించి గుండెల మీద పెట్టుకున్నాడు సారు. తీసుకోబోతే ఇవ్వలేదు. ఎడమ కంట్లోంచి నీరు కారింది. "ఆ కన్ను ఎప్పుడూ అంతే బాబాయ్" అంది కూతురు. గోడ గడియారం మూడు కావస్తోంది. సారు చెయ్యి పెగలదీయడానికి నంబరయ్యకు మనసొప్పలేదు. దుప్పటి మీదున్న రాయిని తీసుకుని లేచాడు.

దారి పొడుగునా ఒకటే గుబులు. సారంతటి వాడు పట్టుకున్నాడంటే అది ఎముకే అయివుంటుంది. మరి తను వెనక్కి మోసుకెళ్తున్నది గులకరాయా? అయినా ఆ మనిషికి ఇప్పుడు తెలుస్తుందా? తెలియకపోతే ఎందుకు నవ్వాడు? మలుపు తిరగాల్సిన చోట తిరగడం మరిచిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

ఉన్నది ఉన్నట్టు మేడమ్‌కి చెప్పేశాడు. ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. తర్వాత హ్యాండ్‌బ్యాగు తెరిచి, గోళ్ల రంగు తీసే మందు సీసా బల్ల మీద పెట్టింది.

"ఉత్తరం వచ్చేదాకా మీరు బతికేలా లేరు" అంటూ దూదితో తనే ఒక మూల వార్నీషు తుడిచింది. ఆ చోటును తడిగుడ్డతో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి రాయి అందించింది. "కానివ్వండి."

నంబరయ్య నాలుకకు తాకించాడు. పట్టుకుంది. చేయి వదిలినా రాయి పడలేదు. అలాగే నోరు తెరుచుకుని మేడమ్ వైపు చూశాడు. ఆమె పకపకా నవ్వింది.

"అమ్మయ్య! మరి ఆయన ఉత్త రాయిని పట్టుకుని కూర్చున్నారేం?"

"తెలీదు మేడమ్" అన్నాడు, రాయి ఊడదీసుకుని. సంతకం చేశాడు. నలుగురూ టీ తాగించి, చేతులు కలిపి, రెండు మంచి మాటలు చెప్పారు. అతను వినలేదు. ఆ నవ్వేమిటో అడగాలి. అడిగితే సారు ఊ అంటాడు. అయినా అడగాలి.

అయిదున్నరకు సారు ఇంటి ముందు బోలెడు చెప్పులున్నాయి.

"మీరు వెళ్లిన అరగంటకే బాబాయ్" అంది కూతురు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "నిద్ర అనుకున్నాను. వేళ్లు విప్పి ఇది తీశాను. మీ మ్యూజియంది కదా, తీసుకెళ్తారా?"

కిటికీ గట్టు మీద ఉంది రాయి. నంబరయ్య దాన్ని వెలుతురుకు తిప్పాడు. 4117. తల మూసిన నాలుగు.

ఆ అంకె తను ఎప్పుడు రాశాడో ఇప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు. చేతులు ఒకటే వణుకు. సారు గేటు దగ్గర కంకరలోంచి ఒక రాయి ఏరుకొచ్చి, "ముందు దీని మీద రాయి. చెయ్యి నిలబడ్డాక అసలుదాని మీద రాద్దువు" అన్నాడు. రాశాడు. సారు చూసి గురగురమని నవ్వాడు. "నాలుగు తల మూశావంటే తొమ్మిదనుకుంటారయ్యా. తెరిచి రాయి." ఆ తర్వాత రాసిన ఏ నాలుగుకూ తల మూయలేదు. ఆ గులకరాయిని సారు అప్పుడే పారేసి ఉంటాడనుకున్నాడు. కాదు, అసలు అనుకోనేలేదు, మరిచేపోయాడు. ఆయన దాన్ని సొరుగులో ఎముకల మధ్య దాచాడు. తనేమో చూడకుండానే దానికీ వార్నీషు పూశాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"మ్యూజియంది కాదమ్మా" అన్నాడు. "సారుది."

రాయిని మళ్లీ కిటికీ గట్టు మీద, సారు కళ్లజోడు పక్కన, అంకె పైకి కనబడేలా పెట్టాడు.