ఒక్క పెద్ద విమానం

వీర్రాజు గడ్డం గీసుకుంటూ చెయ్యి ఆపాడు. బేగంపేటలో దిగబోతున్న విమానం అమీర్‌పేట మేడల మీదుగా మోత పెట్టుకుంటూ పోయింది. కిటికీ అద్దాలు అదిరి కుదురుకున్నాయి. చెంప మీద నురగ అప్పటికే ఆరిపోయింది.

"అది మీరు చూడకపోయినా దిగుతుంది లెండి. ముందు స్నానానికి వెళ్ళండి," అంది వంటింట్లోంచి భార్య హైమవతి.

వీర్రాజు బక్కపల్చటి మనిషి. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. జేబులో రెండు కళ్ళజోళ్ళుంటాయి కానీ, కావలసినప్పుడు కావలసింది చేతికి రాదు. వీధి నిండా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లే. కరపత్రాలు పంచేవాళ్ళు ఆయన నెరసిన తల చూసి చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఆయనే ఆగి, అడిగి మరీ ఒకటి పుచ్చుకునేవాడు. ఎండలో నిలబడ్డవాళ్ళకు ఒకటైనా తగ్గుతుందని.

పంజాగుట్టలో నగల దుకాణం పైన ఆయన ఆఫీసు. ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి విమాన సంస్థ ఏ విమానాలు అద్దెకు తీసుకోవాలో, వాటిని ఎక్కడికి నడపాలో ఇక్కణ్ణుంచి ఆలోచించి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ దీవిని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడి బడులకు సెలవులెప్పుడో, జబ్బు ముదిరితే అక్కడివాళ్ళు ఏ ఊరి ఆస్పత్రికి పరుగెడతారో, సొంత ఊరి సంగతుల్లా చెప్పేవాడు. వాళ్ళ పిల్లలు రెండుచోట్ల విమానం మారి లండన్‌కు చదువులకు వెళ్తారని తెలిసిన దగ్గర్నుంచి నేరుగా లండన్‌కు ఒక విమానం వేయించాలని పట్టుబట్టాడు.

ఆ రోజు అది చేతికందింది. పెద్ద విమానం ఒకటి అద్దెకు దొరికింది. సాయంత్రంలోగా ఔననో కాదనో చెప్పాలి.

"మీ లండన్ వచ్చేసిందండీ వీర్రాజు గారూ!" అన్నాడు యజమాని కేదార్, ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ. "ఫోన్‌లో మీరే చెప్పండి దీవివాళ్ళకి."

వీర్రాజు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"వద్దని చెబుతానండీ."

"అదేంటండీ! ఇన్నేళ్ళూ అడిగింది మీరేగా?"

"అప్పుడు రెండు విమానాలు దొరుకుతాయనుకున్నానండీ. ఒక్కదాన్ని అంత దూరం పంపితే, అది లండన్‌లో పాడై కూర్చుందనుకోండి, బదులు పంపడానికి ఇంకోటి లేదు. పరీక్షకు వెళ్ళే పిల్లలు, ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు పెట్టెలు పట్టుకుని అక్కడే ఉండిపోతారు. చిన్నవాటితో దుబాయ్ దాకా తీసుకెళ్దాం. అక్కణ్ణుంచి పెద్ద కంపెనీవాళ్ళు లండన్ తీసుకెళ్తారు. ఒక్కసారే మారడం."

కేదార్ ఫోన్ ఆయన ముందుకు జరిపాడు. అవతలివాళ్ళు ముందు నిరాశపడ్డారు, తర్వాత వాదించారు, ఆఖరికి ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ పక్క సీటు రాజనర్సయ్య నవ్వాడు. బోరబండ మనిషి. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే బల్ల.

"ఏం భాయ్, గిన్నేండ్ల సంది లండన్ లండన్ అంటివి. ఇయ్యాల నీ నోటితోనే వద్దంటివి. మొదటి విమానంల మీ ఇద్దరికి సీట్లిస్తమన్నరు గదా. వదినకు లండన్ సలి జూపిస్తనంటివి, ఇప్పుడేం జెప్తవ్?"

"దీవి చూపిస్తానంటాను. సముద్రం ఉంటుందిగా," అన్నాడు వీర్రాజు. తన వంకాయ కూరలో సగం అతని డబ్బా మూతలోకి ఒంపాడు.

తిన్నాక అలవాటు ప్రకారం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. రాజనర్సయ్య ఫ్యాన్ కాస్త ఆయన వైపు తిప్పాడు. టీ వచ్చింది. "జర లే భాయ్, సల్లగైతది," అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వీర్రాజు కర్మకాండలు అయ్యాక, హైమవతికి ఇవ్వడానికి రాజనర్సయ్య ఆ బల్లలో ఆయన సొరుగు ఖాళీ చేశాడు. తాళంచెవులు, జండూబామ్, మడతలు పెట్టిన కరపత్రాలు. వాటి వెనక, చలికాలంలో రోడ్డు పక్కన టిబెట్ వాళ్ళు అమ్మే ఉన్ని టోపీలు రెండు, చెవులు కూడా మూసేవి, ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. లోపలిది చిన్నది, కుంకుమ రంగుది, ఇంకా ఎవరి తలకూ సాగనిది.