రెండు రొట్టెలు ఎక్కువ

రంగులవాళ్ల పేటలో ఎవరింట్లో ఎవరు తుమ్మినా ముకద్దం అల్లాల్‌కి తెలియాలి. అదే అతని ఉద్యోగం. మరీ ఉద్యోగం అనడానికీ లేదు. పోలీసు కాడు, గుమాస్తా కాడు, ఒంటిమీద యూనిఫాం లేదు. ప్రభుత్వం విదిల్చే కాస్త భత్యం, దగ్గుతూ నడిచే ఒక మోపెడ్, చంకలో నివాస పత్రాల అట్ట ఫైలు, ఇంతే. అయినా అతను ఊఁ అనందే ఆ పేటలో పెళ్లి కాగితం కదలదు, పింఛను రాదు. కొత్తగా ఎవరు అద్దెకు దిగినా, ఎవరి డాబా మీదికి సిమెంటు బస్తా ఎక్కినా, సాయంత్రానికల్లా పేట అధికారి ఖాయిద్ గారికి కబురు చేరిపోయేది. అల్లాల్ సొంత డాబా మీద అనుమతి లేకుండా లేచిన గది సంగతి మాత్రం ఆ కబుర్లలో ఎప్పుడూ ఉండేది కాదు. ఖాయిద్‌కి అది తెలుసు. తెలిసీ ఊరుకున్నాడంటే అది మంచితనం కాదని అల్లాల్‌కీ తెలుసు.

ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాడు. తిట్టుకునేవాళ్లు తిట్టుకున్నారు, కానీ అవసరానికి పిలవనివాళ్లు లేరు. ఒంటరి ముసలాయన ఒకడు రెండు రోజులు కిటికీ తెరవలేదని గమనించి, తలుపు పగలగొట్టించి ప్రాణం నిలిపింది అల్లాలే. మొగుడు పోయిన లల్లా యామ్నాని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఒక్క రోజులో కాగితాలన్నీ తెచ్చి చేతిలో పెట్టిందీ అతనే. మా వైపు ఆడవాళ్లని మర్యాదగా లల్లా అంటారు, మగవాళ్లని సీ అంటారు. తన పేటలో జనం గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారంటే తన కళ్లే కారణమని అతని నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా అబద్ధం కూడా కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

సోమవారం పొద్దున ఖాయిద్ పిలిపించాడు.

"సీ అల్లాల్, తలుపెయ్యి. ఒక అమ్మాయి కనిపించడం లేదు. పేరు ఫదీలా. సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. పదకొండు రోజులైంది. మొగుడు మనవాడే, పోలీసు ఇన్‌స్పెక్టరు. పిల్లకి మతి సరిగా లేదట. ఏ అఘాయిత్యమో చేసుకుంటుందని పాపం అతను తిండి మానేశాడు."

"మన పేటకే వచ్చిందని ఎలా తెలుసండీ?"

"బస్సు డ్రైవరు ఇక్కడ దింపానన్నాడు. తల్లి వైపు వాళ్లు ఎవరో ఇక్కడున్నారట. రికార్డుల్లో మాత్రం ఎవరూ తగలడం లేదు. నీ పేటలో ఈగ వాలినా నీకు తెలుస్తుందంటావు కదా, చూద్దాం. చడీ చప్పుడు లేకుండా కానీ. ఆ పిల్ల క్షేమం కోసమే."

ఫోన్లో ఫోటో చూపించాడు. పెళ్లి ముస్తాబులో కూర్చున్న పిల్ల, నగల బరువుకి తల కాస్త వంగి ఉంది. అల్లాల్‌కి జాలేసింది. తనకి కూతుళ్లు లేరు, కానీ ఉండి ఉంటే ఆ వయసే.

రెండు రోజులు తిరిగాడు. హమాము స్నానశాల దగ్గర అడిగాడు, మందుల షాపులో అడిగాడు, బస్సు స్టాండులో అడిగాడు. ఏమీ దొరకలేదు. మూడో రోజు పది గంటలకి, అలవాటు ప్రకారం టీ తాగడానికి బూష్తా పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

ఆ పేట రొట్టెలన్నీ కాలేది బూష్తా పొయ్యిలోనే. ఆడవాళ్లు ఇంట్లో పిండి పిసికి, గుండ్రంగా తట్టి, చెక్క పలక మీద పేర్చి, గుడ్డ కప్పి తెచ్చి ఇచ్చి పోతారు. పేర్లు రాయరు, గుర్తులు పెట్టరు. ముప్ఫై ఏళ్లలో బూష్తా ఒక ఇంటి రొట్టె ఇంకో ఇంటికి ఇచ్చింది లేదు. చూడగానే ఏ చేతి రొట్టో చెప్పేస్తాడు.

"ఏమయ్యా బూష్తా, ఈ మధ్య ఎవరింట్లోనైనా ఆకలి పెరిగిందా?" అన్నాడు అల్లాల్, గ్లాసు అందుకుంటూ.

"ఎందుకు పెరగదు, ఎలుకలకి పెరిగింది. నా పిండి బస్తాకి బొక్క పెట్టాయి."

"మనుషుల సంగతి అడుగుతున్నాను."

బూష్తా పొడుగు తెడ్డుతో నాలుగు రొట్టెలు లోపలికి తోసి, చెమట తుడుచుకున్నాడు. "మనుషులంటే లల్లా యామ్నా ఒకావిడ ఉంది. రెండు రొట్టెలు పంపేది, ఇప్పుడు నాలుగు. నోట్లో పన్ను లేదు, నాలుగు రొట్టెలు ఎలా నములుతుందో."

"ఎన్నాళ్ల నుంచి?"

"పన్నెండు రోజులైంది."

అల్లాల్ లెక్క వేసుకున్నాడు. లల్లా యామ్నాకి పిల్లలు లేరు, చుట్టాలు లేరు. కానీ చాలా ఏళ్ల కిందట సముద్రం వైపు నుంచి ఒకావిడ ఆమె దగ్గరికి వస్తూ ఉండేది. ఇద్దరూ పసితనంలో ఒకే తల్లి పాలు తాగారు, అందుకని అక్కాచెల్లెళ్లయ్యారు. ఫదీలా తల్లి ఆవిడే అయ్యుండాలి. పాల చుట్టరికం ఏ రికార్డులో ఉంటుంది? ముకద్దం బుర్రలో ఉంటుంది. టీ అక్కడే పెట్టి గుమ్మంలోకి వెళ్లి ఫోన్ చేశాడు. "దొరికింది. లల్లా యామ్నా ఇల్లు, సందు చివర నీలం తలుపు." అటునుంచి ఖాయిద్ "శభాష్" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ మాట అనడం రెండోసారి.

మీసం దువ్వుకుంటూ వచ్చి మళ్లీ టీ అందుకున్నాడు.

"ఎవరికి ఫోను?" అన్నాడు బూష్తా.

"ఆఫీసుకి. మతి చెడిన పిల్ల ఒకతి తప్పిపోయింది. పాపం మొగుడు వెతుక్కుంటున్నాడు. నీ పుణ్యమా అని దొరికింది."

బూష్తా చేతిలో తెడ్డు ఆగింది. మాట్లాడకుండా లోపలికి వెళ్లి, కాలి చల్లారుతున్న లల్లా యామ్నా రొట్టెల పలక తెచ్చి అల్లాల్ ముందు పెట్టాడు. నాలుగు రొట్టెలు. రెండు తీర్చిదిద్దినట్టున్నాయి. తక్కిన రెండూ ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉన్నాయి.

"ఈ రెండూ ముసలావిడ చేతివి కావు. ఒంటి చేత్తో పిసికి, ఒక్క అరచేత్తో తట్టినవి. మా అమ్మకి చెయ్యి విరిగిన ఏడు మా ఇంట్లో రొట్టెలు ఇలాగే ఉండేవి. మొదటి నాలుగు రోజులూ నాలుగు రొట్టెలూ ముసలావిడే చేసింది. ఆ తర్వాతే ఇవి మొదలయ్యాయి. మతి చెడినవాళ్లు ఇంత ఓపిగ్గా ఒంటి చేత్తో పిండి పిసుకుతారా, సీ అల్లాల్?"

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా."

"నువ్వు ఎన్ని అని అడిగావు. ఎలాంటివి అని అడగలేదు." బూష్తా గొంతు తగ్గింది. "రొట్టెల లెక్క ఎవరైనా అడిగితే చెప్పకు బాబూ అని లల్లా నాకు చెప్పింది. నువ్వు ఎవరైనా కాదు కదా అనుకున్నాను."

అల్లాల్ మళ్లీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఈసారి గుమాస్తా ఎత్తాడు. ఖాయిద్ గారు మీటింగులో ఉన్నారన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు రాత్రే ఊళ్లోకి దిగారట, హోటల్లో ఉన్నారట, ఇప్పుడే బయల్దేరారట. "పావుగంటలో మీ సందులో ఉంటారు. పెద్దాయన మిమ్మల్ని తెగ మెచ్చుకున్నారు."

అతను వెంటనే లేచి పరుగెత్తాడని చెప్పాలని నాకూ ఉంది. పరుగెత్తలేదు. కూర్చున్నాడు. డాబా మీద గది గుర్తొచ్చింది, పెళ్లాం గుండె మందులు గుర్తొచ్చాయి. ఒక్క కబురుతో పని పోగొట్టుకున్న పక్క పేట ముకద్దం గుర్తొచ్చాడు, బజారులో పుదీనా కట్టలు అమ్ముకుంటున్నాడిప్పుడు. మొగుడూ పెళ్లాల మధ్య నాకేం పని, అనుకున్నాడు. చెయ్యి నిజంగానే ఎక్కడో పడి విరిగిందేమో, అనుకున్నాడు. భయపడ్డ మనిషికి సాకులు వెతుక్కోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. బూష్తా అతని వైపు చూడకుండా రొట్టెలు కాలుస్తూనే ఉన్నాడు. చూసి తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసులో టీ చల్లారేదాకా కూర్చుని, అప్పుడు లేచాడు అల్లాల్. మోపెడ్ మూడుసార్లు తొక్కినా కదలకపోతే అక్కడే పారేసి నడిచాడు. సగం దారి నుంచి పరుగెత్తాడు.

సందు మొదట్లో బూడిద రంగు కారు ఆగి ఉంది. నీలం తలుపుకి నాలుగడుగుల దూరంలో ఒక మనిషి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, మంచి సెంటు వాసన.

"సీ అల్లాల్ మీరే కదూ? నేను మునీర్ని. మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను." చెయ్యి పట్టుకుని గుండెకి ఆనించుకున్నాడు. "మీ కోసమే ఆగాను. నేను కొడితే తియ్యరు. మీరు కొడితే తీస్తారట కదా."

"స్టేషన్ నుంచి ఎవరూ రాలేదేంటండీ? ఆడవాళ్ల సంగతులు చూసే విభాగం ఉంది కదా, ఒక ఆడ ఆఫీసరు..."

"నా పెళ్లాన్ని నేను తీసుకెళ్లడానికి ఆఫీసర్లెందుకండీ, నలుగురిలో అల్లరి కాకపోతే. మీరు కొట్టండి చాలు."

అల్లాల్ తలుపు కొట్టలేదు. "ఆ అమ్మాయి చెయ్యి ఎలా ఉందో మరి," అన్నాడు.

మునీర్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ కళ్లలోంచి పోయింది. "చెయ్యి సంగతి నీకెవడు చెప్పాడు?"

అల్లాల్ నీలం తలుపు వైపు చూశాడు.

"మెట్ల మీంచి పడింది," అన్నాడు మునీర్. "మళ్లీ పడుతుంది కూడా, చూసి నడవదు. నీ డాబా మీద గది భలే కట్టావట, ఖాయిద్ చెప్పాడు. తలుపు కొట్టు."

అల్లాల్‌కి భయమేసింది, సిగ్గు మాలిన భయం. చెయ్యి దానంతటదే లేచింది. లేస్తుంటేనే ఒక ఉపాయం తట్టింది. కొడతాను గానీ మాట్లాడను. లోపల్నుంచి ఎవరని అడుగుతారు. మా ఊళ్లో దానికి ఎవరూ పేరు చెప్పరు, దగ్గరివాణ్ణే అంటారు, గొంతుని బట్టి పోల్చుకుని తలుపు తీస్తారు. గొంతు వినపడకపోతే లల్లా యామ్నా తియ్యదు. ఆమె తియ్యలేదు, నేనేం చెయ్యను అనొచ్చు. గదీ మిగులుతుంది, పిల్లా మిగులుతుంది.

కొట్టాడు.

"ఎవరూ?" లోపల ముసలి గొంతు.

అల్లాల్ పెదాలు బిగించాడు. మునీర్ మోచేత్తో పొడిచాడు. అయినా మాట్లాడలేదు.

"సీ అల్లాల్, మీరేనా? మీ చెయ్యి నాకు తెలీదూ, ఎప్పుడూ మూడుసార్లే కొడతారు." చెప్పుల చప్పుడు తలుపు వైపు వచ్చింది. "ఆగండి బాబూ, వస్తున్నా. పొద్దున్నే దేవుడు పంపినట్టొచ్చారు, మీతో ఒక మాట చెప్పుకోవాలనే చూస్తున్నాను."

పై గడియ తీసిన చప్పుడైంది. మునీర్ తలుపు పక్కకి జరిగి భుజం ఆనించాడు.

"తియ్యకండి లల్లా," అన్నాడు అల్లాల్. గొంతు పీలగా, పరాయివాడిదిలా వచ్చింది. "వాడు నా పక్కనే ఉన్నాడు. గడియ వెయ్యండి."

గడియ పడింది. లోపల ఎవరో, ముసలావిడ కాదు, ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు. మరుక్షణం మునీర్ చెయ్యి అల్లాల్ మెడ మీద పడింది. నుదురు తలుపుకి కొట్టుకుంది. రెండోసారి కొట్టుకునేలోగా అల్లాల్ తనకి చేతనైన ఒకే ఒక్క పని చేశాడు. పేర్లు పిలిచాడు. ఏ ఇంట్లో ఈ వేళప్పుడు ఎవరుంటారో అతనికి తెలియనిది కాదు. లల్లా హనియా, లల్లా ముబారకా, దర్జీ ఇద్రీస్, పై అంతస్తులో పంతులమ్మ, వరసగా ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోయాడు. తలుపులు తెరుచుకున్నాయి. పిండి చేతులతో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"ముకద్దాన్నే కొడుతున్నాడు చూడవే," అంది హనియా. "ఎవడమ్మా వీడు, అత్తరు దుకాణం?"

మునీర్ చెయ్యి తీసి, చొక్కా సర్దుకుని, మర్యాదగా వెనక్కి తగ్గాడు. కారు దాకా వెళ్లాడు గానీ ఎక్కలేదు. బానెట్ మీద కూర్చుని ఫోన్ తీశాడు. అల్లాల్ వైపే చూస్తూ, తాపీగా మాట్లాడుతున్నాడు. అతనికి తొందరేం లేదు.

అల్లాల్ గడప మీద కూలబడి తనూ ఫోన్ తీశాడు. పోలీసుల నంబరు, పంతొమ్మిది నొక్కాడు. ఆడవాళ్ల విభాగం కావాలన్నాడు. అటునుంచి ఒక అమ్మాయి, ఫిర్యాదు ఎవరి పేరున రాసుకోమంటారు అని అడిగింది. ఇరవై రెండేళ్లలో ఎన్ని కబుర్లు చేరవేశాడో, ఒక్కదాని కిందా తన పేరు లేదు. చెప్పాడు. ఇంటి పేరుతో సహా చెప్పాడు. నుదుటి మీంచి కారే నెత్తురు కంట్లో పడుతోంది.

"సీ అల్లాల్." తలుపు వెనక నుంచి, సరిగ్గా అతని వీపు వెనక నుంచి, లల్లా యామ్నా మెల్లగా అంది. "దెబ్బ తగిలిందా నాయనా?"

"లేదు లల్లా."

"మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లమో. ఒక్కటే అర్థం కావడం లేదు. ఈ పిల్ల నా దగ్గరుందని పురుగుకి కూడా తెలీదు. గుమ్మం దాటనివ్వలేదు, కిటికీ తియ్యనివ్వలేదు. వాడికి ఎవరు చెప్పారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. బస్సు డ్రైవరు అనొచ్చు. ఆఫీసు అనొచ్చు, అది సగం నిజమే. కారు దగ్గర మునీర్ ఫోన్ చెవికి పెట్టుకుని నవ్వుతున్నాడు. స్టేషన్ వాళ్లు ఎప్పుడొస్తారో, వచ్చి ఎవరి మాట వింటారో తెలియదు.

"నేనే, లల్లా," అన్నాడు అల్లాల్. "ఇందాక నేనే చెప్పాను."

లోపల కింది గడియ పడింది. ఆ పైన ఏదో బరువైనది, పెట్టో బల్లో, నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి తలుపుకి అడ్డం పెట్టారు. అది ఎవరి కోసం పెట్టారో అతనికి తెలుసు. అల్లాల్ అక్కణ్ణించి లేవలేదు.