సర్వేయరుగారి మరమ్మతు

ఎక్కడైనా గోడౌను తగలబడితే ఇన్సూరెన్సు కంపెనీవాళ్లు సర్వేయరుగారిని పంపుతారు. ఆయన బూడిదని కర్రతో అటూ ఇటూ కెలికి, ముక్కు ఎగబీల్చి, మంట ఏ మూల, ఏ వైరు దగ్గర మొదలైందో చెప్పేస్తాడు. అంత ఘనుడికి సొంత హాల్లో, టీవీ కింద అద్దాల బీరువాలో ఉన్న గేమ్ కన్సోల్ ఎందుకు వేడెక్కుతోందో మాత్రం అంతుచిక్కలేదు.

రోజూ ఒకటే తంతు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, షర్టు మార్చుకుని, దాని ముందు కూర్చుంటాడు. కారు రేసు మొదలైన కాసేపటికే లోపలి ఫ్యాను విమానం ఎగరబోతున్నట్టు రొద పెడుతుంది. బాగా వేడెక్కిందని తెరమీద ఒక ముక్క కనబడుతుంది. ఆ వెంటనే పెట్టె గుడ్లు తేలేస్తుంది.

ఆదివారం వస్తే ఆయన దాని పొట్ట విప్పుతాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, చిప్పు మీద ఎండిపోయిన, వేడి లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది పూస్తాడు. ఫ్యాను కూడా మార్చి చూశాడు. బిగించాక గంటసేపు ఆడితే బంగారంలా పనిచేస్తుంది. సోమవారం సాయంత్రానికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

"ఆదివారం లేని రోగం సోమవారం ఎక్కణ్ణుంచి వస్తోందే?" అని భార్యని అడిగాడు.

"దానిక్కూడా సోమవారం అంటే బద్ధకమేమోనండీ," అంది ఆవిడ బట్టలు మడతపెడుతూ.

ఆవిడకి కారణం తెలుసు. అత్తగారికీ తెలుసు. ఎందుకంటే ఆ కారణం వాళ్లిద్దరే.

పెట్టె ఇంటికొచ్చిన రోజున, "తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక బొమ్మలాటేంట్రా?" అని అత్తగారు రెండు పూటలు ముఖం మాడ్చుకుంది. కోడలూ వంతపాడింది. అత్తగారితో ఏకాభిప్రాయం కుదరడం అదే మొదటిసారి, వదులుకోబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కోడలు దుమ్ము తుడుస్తూ తుడుస్తూ ఏదో నొక్కింది. తెరమీద కార్లు వరసగా నిలబడ్డాయి. అత్తగారు పేపరు పక్కన పడేసి, "ఆ ఎర్రకారు నాకియ్యి," అంది. అంతే.

అప్పట్నుంచి అన్నాలు కాగానే కూర్చుంటే ఆయన స్కూటర్ చప్పుడు వినబడేదాకా ఇద్దరూ లేవరు. అత్తగారి డ్రైవింగు పద్ధతే వేరు. రేసు గెలవాలన్న పట్టింపు ఆవిడకి లేదు. కోడలు గెలవకుండా ఉంటే చాలు. మలుపు దగ్గర కాపు కాసి, పక్కనుంచి గుద్ది, కోడలి కారుని లోయలోకి తోసేసి, "అయ్యో, చూసుకోవద్దూ?" అంటుంది. తర్వాతి రౌండులో కోడలు వడ్డీతో సహా తీర్చుకుంటుంది. కక్షలన్నీ రోడ్డు మీదే తీరిపోవడంతో వంటింట్లో ఒకరిమీద ఒకరు చూపించుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. ఆ ఇంటి ప్రశాంతత చూసి చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. సర్వేయరుగారేమో అదంతా తన పెద్దరికం అనుకునేవాడు.

స్కూటర్ ఆగగానే ఆట ఆపి, అద్దాల తలుపు మూసేసేవారు. సెగలు కక్కుతున్న పెట్టె ఆ ఇరుకులో ఉడుకుతూ ఆయన కోసం ఎదురుచూసేది.

ఒక ఆదివారం సర్వేయరుగారు పేస్టు చేతులు కడుక్కుంటూ ప్రకటించాడు. "ఇదే ఆఖరు. ఈ వారంలో ఇంకోసారి ఆగిందా, మా క్యాషియరుకి ఇచ్చేస్తాను. స్పేర్ పార్టులకి పనికొస్తుందన్నాడు."

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక దాన్ని ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

సోమవారం ముట్టుకోలేదు. ఆ సాయంత్రం పెట్టె బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంట్లో మాత్రం ఫ్యూజు కొట్టేసింది. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట, తువ్వాలు మడత దగ్గర ముదిరి, పెళ్లి ఫోటోలో ఎవరు ఎవరికి అడ్డం నిలబడ్డారన్న దాకా వెళ్లింది. మంగళవారం మధ్యాహ్నం అత్తగారే దిగొచ్చింది.

"అమ్మాయ్, ఇలాగైతే మనిద్దరం కొట్టుకు చస్తాం. ఎర్రకారు తియ్యి."

"వేడెక్కితే ఇచ్చేస్తారత్తయ్యా."

"వేడెక్కితే చల్లారబెట్టుకోవాలి. పాలు ఎక్కడ పెడుతున్నావు నువ్వు?"

కోడలు డిగ్రీ చదివింది, అదీ ఫిజిక్సుతో. కరెంటు వస్తువుని ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ పడుతుందని ఆవిడకి బాగా తెలుసు. అందుకని ఆట కాగానే దాన్ని కూరగాయలు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో చుట్టి మరీ పెట్టింది. చదువు ఆ మాత్రం అక్కరకొచ్చింది.

ఖర్మ కాలి ఆ రోజే ఆయన పెందలాడే వచ్చాడు. స్కూటర్ చప్పుడు వినగానే కోడలు ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తి, కవరు లాగేసి, అంచున పట్టిన రెండు చెమట చుక్కల్ని కొంగుతో ఒత్తి, పెట్టెని బీరువాలోకి నెట్టి తలుపు మూసింది. అత్తగారు పేపరు అందుకుంది.

సర్వేయరుగారు అలవాటుగా పెట్టె మీద చెయ్యి వేసి, ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటి, ఇంత చల్లగా ఉంది!"

ఆయన పెట్టెని పైకెత్తి నాలుగు వైపులా తిప్పాడు. గాలి పోయే సందులోంచి ఏదో పీకి, వెలుతురుకి పట్టి, వాసన చూశాడు. "కొత్తిమీర కదూ ఇది?"

"ఇల్లన్నాక కొత్తిమీర ఉండదుట్రా?" అంది అత్తగారు పేపరు వెనకనుంచి.

బూడిద కుప్పలో అగ్గిపుల్ల కొసని గుర్తుపట్టగల మనిషి, ఆ రెమ్మని కిటికీలోంచి విసిరేశాడు. "ఈసారి పేస్టు మహా బాగా కుదిరిందే! మంచుగడ్డలా ఉంది చూడు!"

ఆ వారమంతా పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదు. తన పనితనం గురించి తానే చెప్పుకుంటే బాగోదని సర్వేయరుగారు ఆఫీసులో ఒక్కడికే చెప్పాడు, అదీ టీ గది నిండా జనం ఉన్నప్పుడు. మరుసటి ఆదివారానికి హాల్లో ఇంకో మూడు కన్సోళ్లు చేరాయి. అన్నిటిదీ అదే జబ్బు. ఆయన పొద్దుట కూర్చుని పొద్దుగూకేదాకా పేస్టు పూశాడు.

"తిరిగిచ్చే ముందు వీటిని రోజూ ఆడించి చూడాలి," అన్నాడు నడుము పట్టుకుని లేస్తూ. "నాకా తీరిక లేదు. అమ్మా, మధ్యాహ్నాలు మీరిద్దరూ కాస్త..."

"మేమా? ఈ దిక్కుమాలిన పెట్టెల ముందా?" అత్తగారు అంతెత్తున లేచింది.

"కొన్నాళ్లేనే అమ్మా, కోప్పడకు. ఆఫీసులో మాటిచ్చాను, పరువు పోతుంది."

కోడలు పెట్టెల్ని చూసింది. నాలుగింటినీ వంతులవారీగా తిప్పితే దేనికీ వేడెక్కే అవకాశమే ఉండదు. ఫ్రిజ్‌లో కూరగాయలు తమ చోటికి తాము వెళ్లిపోవచ్చు. "సరేలెండి, మీకోసం తప్పుతుందా," అంది భారంగా.

ఆయన ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. అత్తగారు కంట్రోలర్‌ని తలకిందులుగా పట్టుకుంది. ఆయన ఓపిగ్గా తిప్పి పెట్టాడు. "ఇది నొక్కితే ముందుకెళ్తుంది. ఇది ఎడమ, ఇది కుడి. కంగారు పడకండి, మొదట్లో అందరూ గోడకి గుద్దుకుంటారు."

"మరి బ్రేకు ఏదండీ?" అని కోడలు వినయంగా అడిగింది.

"ఇదిగో, ఈ పక్కది."

అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని, వంగి, ఆ మీట కేసి చాలాసేపు చూసింది.

"దీనికి బ్రేకు కూడా ఉందా?" అంది.

ఆ పాఠం మొత్తంలో నటన లేకుండా అడిగిన ప్రశ్న అదొక్కటే.